కొలెస్ట్రాల్ రిపోర్ట్‌లో చూడాల్సిన గడి ఏది?

ల్యాబ్ నుంచి రక్తంలోని కొవ్వులను కొలిచే లిపిడ్ ప్రొఫైల్ రిపోర్ట్ రాగానే చాలామంది వెతికేది మొదటి వరుసలోని అంకెనే. టోటల్ కొలెస్ట్రాల్ 200 లోపు ఉంటే హమ్మయ్య అనుకుని కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. 200 దాటిందంటే ఆ రోజు నుంచే ఇంట్లో గుడ్డు బంద్, నెయ్యి బంద్. రెండు సందర్భాల్లోనూ చూడాల్సిన గడి చూడకుండానే నిర్ణయం జరిగిపోతోంది.

ఒక రిపోర్ట్‌ను దగ్గరగా చూద్దాం. కూర్చుని చేసే ఉద్యోగం, కాస్త పొట్ట, నలభై దాటిన వయసు ఉన్న మగవాళ్లలో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి. టోటల్ కొలెస్ట్రాల్ 190. రక్తంలోని మరో రకం కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 260. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 32. ట్రైగ్లిజరైడ్స్‌ను మోసే వీఎల్‌డీఎల్ 52. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 106. ఇవన్నీ డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాముల్లో. మొదటి గడి వరకు చూస్తే అంతా నార్మల్. కానీ టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే 158 మిగులుతుంది. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళాల గోడల్లోకి దూరగలిగే కొవ్వు రేణువులన్నిటిలో ఉన్న కొలెస్ట్రాల్ మొత్తం ఇదే. ముప్పు తక్కువగా ఉన్న మామూలు మనిషికి కూడా ఇది 130 లోపు ఉండాలని కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. షుగర్ ఉంటే 100 లోపే ఉండాలి. అంటే పై రిపోర్ట్ ఉన్న మనిషి బీరువాలో పెట్టేసింది మంచి రిపోర్ట్ కాదు. అతని టోటల్ తక్కువగా కనిపించడానికి ఒక కారణం, ఉండాల్సిన హెచ్‌డీఎల్ లేకపోవడమే.

కొన్ని ల్యాబులు ఈ నాన్ హెచ్‌డీఎల్ అంకెను విడిగా వేస్తాయి, కొన్ని వేయవు. వేయకపోయినా ఒక్క తీసివేతతో తెలిసిపోతుంది. పైగా దీనికి పరగడుపున ఉండాల్సిన అవసరమూ లేదు. తిన్న తర్వాత ఇచ్చిన రక్తంలోనూ టోటల్, హెచ్‌డీఎల్ పెద్దగా మారవు. మారేది ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్స్. అవి బాగా ఎక్కువ వస్తే అప్పుడు పరగడుపున మళ్లీ చేయిస్తే చాలు.

ఇక ఎల్‌డీఎల్ గడిలోని 106 సంగతి. చాలా ల్యాబుల్లో ఇది నేరుగా కొలిచింది కాదు, లెక్క కట్టింది. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతును తీసేస్తారు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ బృందం ఇచ్చిన ఈ సూత్రమే యాభై ఏళ్లుగా నడుస్తోంది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఇది పనికిరాదు. అంతకు తక్కువలోనూ, అవి పెరిగే కొద్దీ ఎల్‌డీఎల్‌ను ఉన్నదానికంటే తక్కువ చేసి చూపిస్తుంది. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా ఉండే మనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

విదేశాల్లో ఉన్న పిల్లలకు రిపోర్టులు పంపేవారికి ఒక మాట. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లో ఈ అంకెలు మిల్లీమోల్స్‌లో వస్తాయి. అక్కడి కొలెస్ట్రాల్ అంకెను 38.7తోనూ, ట్రైగ్లిజరైడ్స్ అంకెను 88.6తోనూ గుణిస్తే మన లెక్కలోకి వస్తాయి. అక్కడి 5, ఇక్కడి 193 ఒకటే.

గోడ లోపల జరిగేది

చారు మీద పోపు నూనె తేలినట్టే, కొవ్వు రక్తంలో కలవదు. అందుకే శరీరం దాన్ని ప్రొటీన్‌తో చుట్టి, చిన్న చిన్న మూటలుగా కట్టి పంపుతుంది. వీఎల్‌డీఎల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అన్నవి ఈ మూటల పేర్లు. కొలెస్ట్రాల్ స్వతహాగా విషమేమీ కాదు. ప్రతి కణం పొర నిలబడాలన్నా, విటమిన్ డి తయారు కావాలన్నా, ఆడ, మగ హార్మోన్లు పుట్టాలన్నా, కొవ్వును అరిగించే పైత్యరసం ఊరాలన్నా అది కావాల్సిందే. అందుకే శరీరం తిండి మీద ఆధారపడకుండా చాలావరకు తానే తయారు చేసుకుంటుంది.

గుండె జబ్బును చాలామంది పైపులో పూడికగా ఊహించుకుంటారు. జరిగేది అలా కాదు. ఎల్‌డీఎల్ మూటలు రక్తనాళం లోపలి పొరను దాటి గోడలోకే దూరుతాయి. అక్కడ చిక్కుకుని పాడవుతాయి. వాటిని మింగడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు మింగలేక ఉబ్బిపోతాయి. చెమ్మ పట్టిన గోడలో సున్నం కింద పొక్కు లేచినట్టు, నాళం గోడలో ఒక ఉబ్బు తయారవుతుంది. పైపొర గట్టిగా ఉన్నంత కాలం అది ఏళ్ల తరబడి అలాగే ఉండొచ్చు. పొర పలచబడి ఒకరోజు చిట్లితే లోపలి పదార్థం రక్తానికి తగులుతుంది, నిమిషాల్లో గడ్డ కడుతుంది. గుండెలో అయితే హార్ట్ ఎటాక్, మెదడులో అయితే పక్షవాతం. సగం కూడా మూసుకోని నాళంలోనూ ఇలా జరగొచ్చు. నిన్నటిదాకా బాగా నడిచిన మనిషి ఈరోజు పడిపోవడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇది ఎంత చిన్న వయసులో మొదలవుతుందో కొరియా యుద్ధం చూపించింది. అక్కడ చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించి 1953లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల సగటు వయసు 22. నాలుగింట మూడొంతుల మందికి పైగా గుండె రక్తనాళాల్లో అప్పటికే మార్పులు కంటికి కనిపించాయి. నలభైల్లో వచ్చే హార్ట్ ఎటాక్‌కు ఇరవైల్లోనే పునాది పడుతోందన్నమాట.

కాబట్టి ఎల్‌డీఎల్‌ను అప్పు లెక్కలో చూడాలి. అసలు ఎంత అన్నది ఒక సగం, ఎన్నేళ్లుగా నడుస్తోంది అన్నది రెండో సగం. దీనికి బలమైన రుజువు 2006లో అమెరికాలో దొరికింది. పీసీఎస్‌కే9 అనే జన్యువు సరిగా పనిచేయని కొందరు నల్లజాతి అమెరికన్లకు పుట్టుకతోనే ఎల్‌డీఎల్ సగటున 28 శాతం తక్కువగా ఉంది. సుమారు 15 ఏళ్లు గమనిస్తే వాళ్లలో గుండె రక్తనాళాల జబ్బు 88 శాతం తక్కువ. నడి వయసులో మందు మొదలుపెట్టి దాదాపు అంతే తగ్గించినవారికి ఐదేళ్లలో వచ్చే లాభం ఇందులో మూడో వంతు ఉంటుంది. ఎల్‌డీఎల్ తగ్గుదల దగ్గర దగ్గర ఒకటే. తేడా అంతా తగ్గి ఉన్న కాలంలోనే ఉంది.

మన అన్నం, మన రిపోర్ట్

తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో ఐసీఎంఆర్ జరిపించిన సర్వే ఫలితాలు 2014లో వచ్చాయి. ఎల్‌డీఎల్ ఎక్కువున్నవారు 11.8 శాతం. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నవారు 29.5 శాతం. హెచ్‌డీఎల్ తక్కువున్నవారు ఏకంగా 72.3 శాతం. మొదట చూసిన రిపోర్ట్ ఎవరో ఒకరిది కాదని, మన దేశపు నమూనా అదేనని ఈ అంకెలు చెబుతున్నాయి. ఇలాంటి రక్తంలో ఎల్‌డీఎల్ మూటలు చిన్నవిగా, చిక్కగా ఉంటాయి. ఎల్‌డీఎల్ అంకె మధ్యస్థంగా కనిపించినా మూటల సంఖ్య ఎక్కువ. గోడలోకి దూరేది మూటలే కాబట్టి ముప్పు వాటి లెక్కనే అనుసరిస్తుంది. అమెరికా హృద్రోగ సంఘాల 2018 మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలు ఉండటాన్నే ముప్పు పెంచే అంశాల్లో చేర్చాయి. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న తెలుగువాళ్లు అక్కడి డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఈ విషయం గుర్తు చేయడం మంచిది.

ట్రైగ్లిజరైడ్స్ అనగానే నూనె మీద అనుమానం వెళ్తుంది. కానీ ఎక్కువైన పిండిపదార్థాన్ని కూడా లివర్ ట్రైగ్లిజరైడ్స్‌గా మార్చి వీఎల్‌డీఎల్ మూటలు కట్టి రక్తంలోకి వదులుతుంది. పొద్దున ఇడ్లీ, దోసె లేదా ఉప్మా. మధ్యాహ్నం కంచం నిండా అన్నం, మధ్యలో గుంటలో చెంచాడు పప్పు. రాత్రి మళ్లీ అన్నం, లేదంటే డైటింగ్ పేరుతో నాలుగు చపాతీలు. మూడు పూటలా పళ్లెంలో పెద్ద భాగం ధాన్యమే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ధాన్యాల వాటా మొత్తం శక్తిలో 45 శాతం మించకూడదని చెప్పింది. అన్నం మానేయమని దీని అర్థం కాదు. పప్పు, కూర అన్నంలో నంజుకోవడానికి కాకుండా అన్నంతో సమానంగా ఉండాలి. సెనగలు, అలసందలు, ఉలవలు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నవే. వాటిలోని నీటిలో కరిగే పీచు పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. దాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి లివర్ రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. ఓట్స్ డబ్బాలు కొనే స్తోమత లేదని దిగులు పడే అవసరం లేదు.

గుడ్డు మీద మాత్రం కాస్త అన్యాయమే జరిగింది. ఒక పచ్చసొనలో 200 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ కొలెస్ట్రాల్ ఉంటుంది, నిజమే. అయితే చాలామందిలో తిన్న కొలెస్ట్రాల్‌కంటే తిన్న సంతృప్త కొవ్వే (శాచురేటెడ్ ఫ్యాట్) ఎల్‌డీఎల్‌ను ఎక్కువ పెంచుతుంది. అది రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కునే లివర్ సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. పామాయిల్‌లో దాదాపు సగం, నెయ్యిలో 60 శాతం పైన, కొబ్బరి నూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వే. వేరుశెనగ నూనెలో అది 20 శాతం లోపు. రోజూ ఉదయం ఉడికించిన గుడ్డు మానేసి, సాయంత్రం బండి మీద పామాయిల్‌లో వేగిన మిరపకాయ బజ్జీలు తినే మనిషి తప్పుడు చోట త్యాగం చేస్తున్నాడు. నూనె ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో రాసే ‘కొలెస్ట్రాల్ ఫ్రీ’ని చూసి కూడా మురిసిపోనక్కర్లేదు. గింజల నూనె దేనిలోనైనా కొలెస్ట్రాల్ లెక్కలోకి వచ్చేంత ఉండదు. చూడాల్సింది వెనుక చిన్న అక్షరాల్లో ఉండే సంతృప్త కొవ్వు, ట్రాన్స్ ఫ్యాట్ వరుసలు. నూనెలు, వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2022 నుంచి అమల్లో ఉంది. మళ్లీ మళ్లీ కాచిన నూనెను మాత్రం ఏ ప్యాకెట్ నిబంధనా ఆపలేదు.

తిండి ఎంత మార్చినా ఎల్‌డీఎల్ సాధారణంగా 10, 15 శాతం మించి తగ్గదు. ట్రైగ్లిజరైడ్స్ అలా కాదు, త్వరగా మాట వింటాయి. శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గించుకుంటే అవి ఐదో వంతు దాకా తగ్గుతాయి. మద్యం తాగే అలవాటు ఉంటే అది మానేసిన కొన్ని వారాల్లోనే తేడా కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్స్ 1000 దాటితే సంగతి గుండె దగ్గర ఆగదు. ట్యూబ్‌లో పట్టిన రక్తం కాసేపటికి విడిపోయి పైన పాలలా తెల్లగా తేలుతుంది. అప్పుడు క్లోమగ్రంథి (పాంక్రియాస్) వాచి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంటుంది. ఆ స్థితిలో వెంటనే వైద్యం మొదలుపెట్టాలి, వచ్చే నెల చూద్దామనుకోకూడదు.

మందు మొదలుపెట్టే ముందు ఇంకో పరీక్ష మరిచిపోకూడదు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అదుపులో లేని షుగర్, మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్ మందులు కూడా లిపిడ్లను తారుమారు చేస్తాయి. థైరాయిడ్ సరిచేస్తే కొందరికి కొలెస్ట్రాల్ మాత్రే అవసరం ఉండదు.

బియ్యం బూజులో దొరికిన మందు

జపాన్‌లో సాంక్యో కంపెనీలో పనిచేసిన అకిరా ఎండో రెండేళ్ల పాటు ఆరు వేలకు పైగా బూజులు, శిలీంధ్రాలను పరీక్షించాడు. కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకునే పదార్థం వాటిలో ఎక్కడో ఉండి తీరాలని అతని నమ్మకం. 1973లో అది దొరికింది, క్యోటోలోని ఒక బియ్యం కొట్టు నుంచి తెచ్చిన బియ్యానికి పట్టిన నీలి పచ్చ బూజులో. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల కథ అక్కడ మొదలైంది. ఆ కుటుంబంలో తొలి మందు లోవాస్టాటిన్ 1987లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ఎండోకు బూజులో ఆ పదార్థం దొరికిన రోజుల్లోనే డల్లాస్‌లో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కునే రిసెప్టర్లు ఉంటాయని తేల్చారు. 1985 నోబెల్ బహుమతి అందుకే.

ఈ రెండూ కలిపి చూస్తే మాత్ర చేసే పని అర్థమవుతుంది. స్టాటిన్ లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. తనకు కరువొచ్చిందని లివర్ మరిన్ని రిసెప్టర్లు తెరిచి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. మాత్ర ఆపితే కరువు తీరుతుంది, రిసెప్టర్లు తగ్గుతాయి, కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ మళ్లీ పాత చోటికే చేరుతుంది. మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. మూడు నెలలు వేసుకున్నారు, రిపోర్ట్ నార్మల్ వచ్చింది, ఇక అవసరం లేదని ఆపేశారు. రిపోర్ట్ నార్మల్ వచ్చింది మాత్ర పనిచేస్తున్నందుకే. స్టెంట్ వేయించుకున్నవారు ఇలా ఆపేయడం చూస్తే ఎవరికైనా బాధ కలుగుతుంది. వాళ్ల నాళాల్లో చిట్లడానికి సిద్ధంగా ఉన్న ఉబ్బులు ఇంకా ఉంటాయి. స్టెంట్ ఒక్క చోటును మాత్రమే తెరిచింది. స్టాటిన్ అన్ని చోట్లా ఆ ఉబ్బుల పైపొరను గట్టిపరుస్తుంది.

దీనివల్ల ప్రాణాలు నిలుస్తాయా అన్న సందేహానికి 1994లోనే జవాబు వచ్చింది. స్కాండినేవియా దేశాల్లో గుండె జబ్బు ఉన్న 4,444 మందిపై ఐదేళ్లకు పైగా జరిగిన పరీక్షలో సిమ్వాస్టాటిన్ వేసుకున్నవారిలో మరణాలు 30 శాతం తగ్గాయి. ఆ తర్వాత ఎన్నో పరీక్షల సమాచారం కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ ప్రతి 39 పాయింట్లు తగ్గినప్పుడు హార్ట్ ఎటాక్, పక్షవాతం లాంటివి ఐదింట ఒక వంతుకు పైగా తగ్గుతున్నాయి. కార్డియలాజికల్ సొసైటీ లక్ష్యాలు దీని మీదే నిలబడ్డాయి. ముప్పు తక్కువ ఉన్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు, షుగర్, బీపీ ఉన్నవారికి 70 లోపు, ఇప్పటికే హార్ట్ ఎటాక్ వచ్చినవారికి 55 లోపు. ల్యాబ్ కాగితం మీద నార్మల్ రేంజ్ అందరికీ ఒకటే వేస్తారు. స్టెంట్ ఉన్న మనిషి ఎల్‌డీఎల్ 98 ఉంటే దాని పక్కన ఏ ఎర్ర గుర్తూ ఉండదు, కానీ అతనికి అది బాగా ఎక్కువ.

ఒళ్లు నొప్పుల భయం మాట. కండరాల నొప్పి కొందరికి నిజంగానే వస్తుంది. తీవ్రంగా కండరాలు దెబ్బతినడం మాత్రం చాలా అరుదు. 2020లో బ్రిటన్‌లో జరిగిన ఒక పరీక్షలో, నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్త మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చారు. వేసుకునే మాత్ర స్టాటినో, ఉత్తదో వాళ్లకు తెలియదు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చాయి. వాళ్ల నొప్పి అబద్ధం కాదు, భయం నుంచి వచ్చే నొప్పి కూడా నొప్పే. కానీ దాని పేరు చెప్పి గుండెను కాపాడే మందును శాశ్వతంగా వదిలేయడం పెద్ద నష్టం. డోసు తగ్గించడం, మరో స్టాటిన్‌కు మారడం లాంటి దారులున్నాయి. షుగర్ అంచున ఉన్న కొందరిలో స్టాటిన్ వల్ల షుగర్ కొంచెం ముందుగా బయటపడుతుందన్నదీ నిజమే. అలాంటివారికి గుండె ముప్పు కూడా ఎక్కువే కాబట్టి లాభమే మొగ్గుతుంది. గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్లు మాత్రం ముందే డాక్టర్‌కు చెప్పాలి. రాత్రే వేసుకోవాలన్నది సిమ్వాస్టాటిన్ లాంటి పాత మందుల నియమం. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ ఏ పూట వేసుకున్నా ఒకటే, రోజూ అదే పూట అయితే మరిచిపోకుండా ఉంటారు.

డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతమే. అందుకే లక్ష్యం అందకపోతే పేగులో కొలెస్ట్రాల్‌ను అడ్డుకునే ఎజెటిమైబ్ కలుపుతారు, దాంతో మరో 20 శాతం దాకా తగ్గుతుంది. ఆపైన ఇంజెక్షన్లున్నాయి. పీసీఎస్‌కే9 జన్యువు కథ నుంచే అవి పుట్టాయి. కొన్ని రెండు వారాలకోసారి, ఇంక్లిసిరాన్ అయితే మొదటి డోసుల తర్వాత ఆరు నెలలకోసారి. వీటి ఖరీదు ఇంకా చాలా ఇళ్లకు అందేది కాదు.

హెచ్‌డీఎల్‌ను మంచి కొలెస్ట్రాల్ అంటారు కదా, దాన్ని పెంచే మందు ఉంటే బాగుండునన్న ఆశ చాలాకాలం నడిచింది. టోర్సెట్రాపిబ్ అనే మందు దాన్ని బ్రహ్మాండంగా పెంచింది, మరణాలూ పెరిగాయి, 2006లో పరీక్ష ఆపేశారు. నియాసిన్ అనే మరో మందుతో చేసిన పెద్ద పరీక్షలూ ఫలించలేదు. తక్కువ హెచ్‌డీఎల్ ముప్పుకు గుర్తు, అంతవరకే. కొలెస్ట్రాల్‌కు వాడే ఆయుర్వేద మూలిక గుగ్గులు విషయంలోనూ 2003లో అమెరికాలో చేసిన పరీక్ష నిరాశే మిగిల్చింది. ఎల్‌డీఎల్ తగ్గకపోగా 4, 5 శాతం పెరిగింది.

జీవితంలో ఒక్కసారైనా చేయించాల్సిన పరీక్ష ఇంకొకటుంది, ఎల్‌డీఎల్ లాంటిదే అయిన మరో కొవ్వు మూట, లైపోప్రొటీన్ ఎ. ఇది దాదాపు పూర్తిగా పుట్టుకతో వచ్చేది, తిండితో, నడకతో మారదు. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఉండదు, విడిగా అడగాలి. ఇది 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా ముప్పులన్నిటినీ ఇంకా గట్టిగా అదుపు చేయాలి.

వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ కూడా అనుకున్నంత అరుదు కాదు, సుమారు 250, 300 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లి కడుపులోంచే ఎల్‌డీఎల్ ఎక్కువ. పెద్దవాళ్లలో 190 పైన కనిపిస్తే దీన్ని అనుమానించాలి. మడమ వెనుక ఉండే స్నాయువు (పిక్క కండరాన్ని మడమకు కలిపే పట్టీ) లావెక్కడం, వేళ్ల కణుపుల మీద గట్టి బుడిపెలు, నలభై ఐదు దాటకముందే కంటి నల్లగుడ్డు చుట్టూ తెల్లటి వలయం దీని గుర్తులు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఇంట్లో ఒకరికి ముప్పై ఎనిమిదో ఏట హార్ట్ ఎటాక్ వస్తే అందరూ ఐసీయూ బయటే కూర్చుంటారు. అదే వారంలో అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, బడికెళ్లే పిల్లలకు కూడా లిపిడ్ ప్రొఫైల్ చేయించాలి. పిల్లల్లో ఎనిమిది, పదేళ్ల వయసు నుంచే దీనికి మందు మొదలుపెట్టవచ్చు.